ఒక్క రోజే కదా

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి భూగోళం మీద అతి దగ్గర దారి సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ గీత ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది. గంటకు 900 చొప్పున ఆగకుండా ఎగిరితే 16 గంటలు. దోహాలోనో దుబాయ్‌లోనో ఫ్లైట్ మారితే, అటూ ఇటూగా ఒక రోజు.

ఈ ‘ఒక్క రోజే కదా’ అన్న మాట మన ఇళ్ళల్లో తీర్పులా తయారైంది.

గాంధీ 1891 జూన్ 12న ఇంగ్లండ్‌లో ఓడెక్కాడు. తల్లి చనిపోయిన సంగతి జూలైలో బొంబాయిలో దిగాకే తెలిసింది. పరాయి దేశంలో ఒంటరిగా ఆ దెబ్బ తట్టుకోలేడని అన్న దాచిపెట్టాడు. తెలిసినా చేయగలిగిందేమీ లేదు. మూడు వారాల సముద్రమే అతని తరఫున జవాబు చెప్పేది.

విమానం ఆ జవాబును లాగేసుకుంది. రావడం వీలైన రోజు నుంచి, రాకపోవడం మన నిర్ణయం కింద లెక్క. ఇది కొంతవరకు న్యాయమే. కానీ స్క్రీన్ మీద కనిపించే గంటలు రెండు ఎయిర్‌పోర్టుల మధ్యవి. హెచ్1బీ స్టాంపు గడువు దాటినవాళ్ళకి రావడం ఒక రోజే, తిరిగి వెళ్ళడమే కాన్సులేట్ అపాయింట్‌మెంట్ చేతిలో ఉంటుంది. ఆ రోజుల్ని ఏ ట్రావెల్ యాప్ కూడుతుంది?

నాన్న పోయినప్పుడు ఫ్రీజర్ బాక్స్ పక్కన కూర్చుని మేమూ ఈ లెక్కే వేశాం. “ఒక్క రోజే కదరా, ఆగుదాం” అన్నారు పెదనాన్న. “నా కోసం ఆగొద్దురా” అంది అక్క, వీడియో కాల్‌లో. ఆగలేదు. అక్కది తప్పని నేననుకోను, మాదీ కాదు. పదకొండో రోజున వచ్చినవాళ్ళంతా డల్లాస్ ఎన్ని గంటలని అడిగారు. స్టాంపు గురించి ఒక్కరూ అడగలేదు.