చింతకు చెవియొగ్గుట

చింతకూ చితకూ నడుమనున్న భేదం ఒక్క సున్న మాత్రమేనని పెద్దలంటారు. మంట ఎంతటిదో ఈ మాట చక్కగా చెప్పుతున్నది. కాని ఆ మంటను రాజేసినది ఏదో అడగడం లేదు. మనోవ్యాకులతను గురించి హితవు చెప్పినవారిలో పెక్కుమంది ఈ ప్రశ్నను విడిచిపెట్టినారు. చింతను మానుము, మనస్సును నిలుపుము అని వారు చెప్పినది అసత్యం కాదు. అయితే అది అందరికీ, అన్ని వేళలా చెప్పదగిన మాటయేనా అన్నది విచారణీయం.

వేదాంతులకు తాడూ పామూ చిరపరిచితమైన దృష్టాంతం. మసకవెలుతురులో తాడును చూచి పామని భ్రమించినవానికి దీపం చూపితే చాలును, భయం తీరుతుంది. ఈ దృష్టాంతం లోకానికి ఎంతగా నచ్చినదంటే, గుమ్మంలో ఉన్నది ఒక్కొక్కప్పుడు నిజంగానే పాము కావచ్చునన్న సంగతి మరుగున పడిపోయినది. అట్టి చోట దీపంతోపాటు కర్ర కూడా కావలెను. పామును చూచి వణికేవానితో అది నీ మనోభ్రాంతి అని చెప్పడం ఓదార్పు కాదు, అన్యాయానికి తోడ్పాటు. తాడును చూచి వణికేవాని చేతికి కర్ర ఇవ్వడం కూడా అంతే ప్రమాదకరం. కనుక చింతను ఎదుర్కొనడంలో మొదట కావలసినది శాంతి కాదు, వివేకం.

ఈ వివేకం ఎంత కష్టమైనదో తెలియడానికి బస్తరులోని నగర్‌నార్ ఒక్కటి చాలును. జగదల్‌పూరుకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, ఒడిశా సరిహద్దుకు చేరువగా ఉన్న గ్రామమది. ఆ నేల తెలుగువారికి కేవలం పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఆ ప్రాంతానికి వచ్చి రాజ్యం స్థాపించినాడని బస్తరు రాజవంశంలో పరంపరగా వచ్చిన కథనం. హైదరాబాదు కేంద్రంగా ఉన్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఈ శతాబ్దంలో అక్కడ ఉక్కు కర్మాగారం తలపెట్టినది. 2001లో భూసేకరణ సాగినప్పుడు గ్రామస్థులు అడ్డు చెప్పినారు. షెడ్యూల్డు ప్రాంతాలలో భూమిని సేకరించే ముందు గ్రామసభను సంప్రదించవలెనని 1996 నాటి చట్టం విధిస్తున్నది. ఆ సంప్రదింపు సక్రమంగా జరగలేదన్నది వారి వాదం. నిరసనలు జరిగినవి, అరెస్టులు జరిగినవి. ఏటా 30 లక్షల టన్నుల ఉక్కు తీయగల ఆ కర్మాగారం చివరకు 2023లో పని ఆరంభించినది.

ఆ రెండు సంవత్సరాల నడుమ ఇరవై ఏండ్లకు పైబడిన కాలం ఉన్నది. పొలం పోయినవానికి పోయినది పంట ఒక్కటే కాదు. ఏ నెలలో ఏ పనికి లేవవలెనో, ఏ గట్టు మీద ఎవరిని పలుకరించవలెనో నేర్పిన పంచాంగం కూడా దానితోనే పోయినది. నష్టపరిహారపు సొమ్ము ఎంత వచ్చినా, రేపటి దినం ఎట్లు గడచుననే ప్రశ్నకు జవాబు దానిలో దొరకదు. ఇక రెండవ గుబులు కర్మాగారం లోపలనే పుట్టినది. 2020 అక్టోబరులో ఆ కర్మాగారాన్ని మాతృసంస్థనుండి వేరుచేసి, ప్రభుత్వపు వాటాను విక్రయించడానికి కేంద్ర మంత్రివర్గం అంగీకరించినది. కొలువును నమ్ముకొన్నవారికి నేల కదలినట్లయినది. 2021 జనవరిలో విశాఖ ఉక్కును గురించి అట్టి నిర్ణయమే వెలువడినది గనుక, ఆ గుబులు ఎట్టిదో తెలుగు పాఠకునికి వివరించనక్కరలేదు. భూమి పోయినవాడూ, కొలువు పోవునేమోనని భయపడేవాడూ ఒకే ద్వారం ముందు నిలిచినారు. ఇద్దరూ చూచినది తాడు కాదు.

ఇట్టి చింతకు మొట్టమొదట కావలసినవాడు వినేవాడు. బస్తరు సమాజం ఈ సంగతిని ఏనాడో గుర్తించినది. జగదల్‌పూరులో 75 దినాలు సాగే దసరాకు రావణవధతో సంబంధం లేదు. అది దంతేశ్వరీదేవి ఉత్సవం. అది నిర్విఘ్నంగా సాగడానికై ఒక మనిషి తొమ్మిది దినాలు గోతిలో కూర్చుండి వ్రతం పట్టుతాడు. దీనిని జోగి బిఠాయి అంటారు. అందరి విఘ్నభయమూ ఒక్కడు మోయుచున్నాడని దీనికి అర్థం చెప్పుకొనవచ్చు. ఉత్సవాంతంలో మురియా దర్బారు జరుగుతుంది. పూర్వం రాజు ఎదుట, ఇప్పుడు ప్రజాప్రతినిధులూ అధికారులూ కూర్చుండగా, గ్రామాల మాంఝీలు తమ వారి కష్టాలు విన్నవించుకొంటారు. చెప్పినదంతా తీరుతుందని కాదు. కాని ఊరి చింతను ఊరి పెద్ద నలుగురిలో నిలిచి పలకడానికి ఏడాదికి ఒక దినం నిర్ణయమై ఉండడం చిన్న విషయం కాదు. ఒక్కడు మోసే బరువూ, నలుగురు ఎత్తే బరువూ తూకానికి సమానమే. భుజానికి మాత్రం కాదు.

అయితే సమష్టిని ఊరకే కొనియాడడం కూడా వివేకం కాదు. భయపడిన గ్రామం తన భయానికి కారణం వెదకుతుంది; దొరకనప్పుడు కల్పించుకొంటుంది. బిడ్డ జబ్బుపడినా, పశువు చచ్చినా, నిర్దోషి అయిన ఒక స్త్రీని టోనహి, అనగా మంత్రగత్తె, అని నిందించి హింసించే దురాచారాన్ని అరికట్టడానికి ఛత్తీస్‌గఢ్‌లో 2005లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చినది. బస్తరు మారియాలలో జరిగిన హత్యలనూ, ఆత్మహత్యలనూ పరిశీలించి వెరియర్ ఎల్విన్ 1943లో ప్రకటించిన గ్రంథంలో, హత్యకు దారితీసిన కారణాలలో చేతబడి అనుమానం కూడా కనిపిస్తున్నది. ఇది తాడును పామని కొట్టడం కాదు, తోటి మనిషిని పామని కొట్టడం. దీపం లేని కర్ర చేసే పని ఇదే.

ఆ దీపాన్ని నేటి వైద్యశాస్త్రం కొంతవరకు అందించగలదు. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేక్షణ ప్రకారం దేశంలోని వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వారిలో చికిత్స అందనివారే అధికం. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడని భావించవలెననీ, అన్యథా రుజువైతే తప్ప అతనిని శిక్షింపరాదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పినది. దండించవలసినవానిగా నిన్నటివరకు ఎంచినవానిని ఆదుకొనవలసినవానిగా చూడడం నైతికంగా గొప్ప మలుపు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ వలన 14416 అనే సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను తమ బాధ చెప్పుకొనవచ్చు. రాజ్యం ఆలస్యంగానైనా చెవి ఒగ్గినదనడానికి ఇవి గుర్తులు.

కాని వైద్యుని ధర్మం వేరు, రాజ్యధర్మం వేరు. ఔషధం నిద్రను ఇవ్వగలదు, పొలాన్ని ఇవ్వలేదు. అన్యాయానికి మందుబిళ్ళ బదులు కాజాలదు. దీనికి మారుముఖం కూడా ఉన్నది. న్యాయం గెలిచినంత మాత్రాన నిద్ర పట్టుతుందన్న నమ్మకమూ లేదు. పాము పోయిన తరువాత కూడా, దానిని చూచినవాడు ఎన్నో రాత్రులు ఉలికిపడి లేస్తాడు. అప్పుడు కర్ర పనికిరాదు. పాము ఇప్పుడు లేదు గదా అని వాదించడమూ పనికిరాదు. తెల్లవారేదాకా పక్కన కూర్చుండే మనిషి కావలెను.

గీతలో మొదటి అధ్యాయానికి విషాదయోగమని పేరు. విషాదాన్ని రోగమనక యోగమన్న ఆ పేరులోనే ఒక గౌరవం ఉన్నది. అర్జునుడు తన వేదననంతా వెళ్ళబోసుకొనే దాకా, ఆ అధ్యాయంలో శ్రీకృష్ణుడు దాదాపు మౌనంగానే ఉంటాడు. ఉపదేశం తరువాతిది, వినడం ముందుది. ఉపదేశించడానికి ఉబలాటపడేవారు ఈ వరుసక్రమాన్ని గమనించరు. నగర్‌నార్ రైతుకు శాంతిని బోధించదలచినవాడు, తన మాట మొదలుపెట్టక ముందు, అతని పొలం ఎక్కడ ఉండేదో అడుగవలెను.