మాటలో వంతు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 15:6-21, 1 కొరింథీయులకు 14:29-33



మన పల్నాటి పల్లెలలో మిరపకోతలు ముగిసిన పిమ్మట సంఘ కూడికలు మెండుగా జరుగును. గుడి మరమ్మతో, పండుగ చందాయో మాటకు వచ్చును. గొంతు గల నలుగురు మాటలాడుదురు, తక్కినవారు వినుదురు. అందరును ఒప్పుకొనిరని మినిట్సు పుస్తకములో వ్రాయబడును. అసలు మాటలు గుడి వెలుపల వేపచెట్టు క్రింద మొదలగును. సంఘములో చీలిక పుట్టుచున్నది అచ్చటనే గదా!

యెరూషలేము సభను చూడుడి. అచ్చటను తర్కము బహుగా జరిగెను. అయితే పేతురు లేచి మాటలాడిన తరువాత సమూహమంతయు ఊరకుండి, బర్నబా పౌలులు చెప్పినది ఆలకించెను. వారు చాలించిన తరువాతనే యాకోబు నోరు తెరచెను. తెరచి, మొదట పేతురు చెప్పిన మాటనే జ్ఞాపకము చేసెను. ఒకరి తరువాత ఒకరు వినబడినందున అన్యజనులపై భారము మోపవద్దని తీర్మానమాయెను. ఆ అన్యజనులలో మనమును ఉన్నాము. ఆనాడు వారు ఓపికతో వినిన దాని ఫలమును నేడు మనము అనుభవించుచున్నాము.

1974లో హార్వీ శాక్స్, ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ అను అమెరికా పండితులు మనుష్యులు సంభాషణలో వంతులు తీసికొను విధమును వివరించిరి. మాటలాడువాడు ఒకరిని ఉద్దేశించి అడిగినయెడల వంతు వారిది. ఎవరిని అడుగనియెడల ముందుగా మొదలుపెట్టినవారిది. 2009లో పది భాషలను పరీక్షించిన మరియొక పరిశోధనలో, ప్రశ్నకును జవాబుకును నడుమ ఎడము సగటున సెకనులో అయిదవ వంతేనని తేలెను. రెప్పపాటు కాలమే! ఇక కూలికి పోయి అలసివచ్చిన విధవరాలు, క్రొత్తగా వచ్చిన కోడలు మాట కూడబెట్టుకొనులోగా వంతు దాటిపోవును. ఆమెకు చెప్పవలసినది లేక కాదు, ఎవరును అడుగలేదు.

పౌలు కొరింథు సంఘమునకు ఇచ్చిన క్రమము లోకరీతికి వేరైనది. కూర్చున్న మరియొకనికి దేవుడు ఏదైన బయలుపరచినయెడల, మాటలాడుచున్నవాడే మౌనముగా ఉండవలెను. వంతును లాగుకొనుట కాదు, విడిచిపెట్టుట ఆత్మ ఫలము.

12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని మన పల్నాటి కథ చెప్పును. మన ప్రీతివిందులో వడ్డించువాడు మొదటి వరుసలోనే గిన్నె ఖాళీ చేయునా? కడపటి ఆకు వరకు అందునట్లు వడ్డించును గదా! మాటయు అట్లే అందరికి అందవలెను.

కాబట్టి పెద్దలారా, ఊరకున్నవారిని పేరుపెట్టి అడుగుడి. అడిగి, కొంతసేపు కనిపెట్టుడి. సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చుట మూఢతయని సామెతలు 18:13 బోధించుచున్నది. యౌవనులారా, ఎలీహు పెద్దలు ముగించువరకు ఆగెను. ఆగినను, తన మాట దాచుకొనలేదు. సహోదరీలారా, అకులతో కూడ ప్రిస్కిల్లయు అపొల్లోకు మార్గమును విశదపరచెను. వేపచెట్టు క్రింద చెప్పునది కూడికలోనే చెప్పుడి.

మన ప్రభువు పండ్రెండేండ్ల వయసున దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు ఆలకించుచు, ప్రశ్నలడుగుచుండెను. సర్వజ్ఞానముగల ఆయన వినగా, మనము వినకుండుట తగునా?

ప్రార్థన: ప్రభువా, మా నోటికి కావలి ఉంచుము. మాలో అల్పుని మాటయు వినగల చెవిని మాకు దయచేయుము. ఆమేన్.