విప్పుట – కూర్చుట

ఆత్మవిచారమునకు క్రొత్తగా పూనుకొన్న యువకులు అడుగు ప్రశ్న ఒకటి తఱచుగా వినవచ్చుచుండును. "దేహము నేను కాను, ప్రాణము నేను కాను, మనస్సు నేను కాను అని ఒక్కొక్కదానిని తొలగించి చూచినపిమ్మట, ఈ ఇల్లు, ఈ ఉద్యోగము, ఈ బంధువులు – వీరితో నాకింక పనియేమి?" ప్రశ్న కపటమైనది కాదు. అయితే అడుగువారిలో కొందఱు సమాధానమునకై వేచియుండరు. సంపాదన మానుదురు, తల్లికి ఉత్తరము వ్రాయుట మానుదురు, భార్య పలుకరించినచో మాయ పలుకుచున్నదందురు. విచారము వీరిని విప్పినదే కాని ముక్కలు నేలమీదనే పడియున్నవి. ఇంటివారు ఆ ముక్కలనడుమ నడువలేక బాధపడుచుందురు.

దీనికి సమాధానము ఉపనిషత్తునందే కలదు. కాని దానికి ముందు ఒక మోటారు కార్ఖానాలోనికి పోయి చూచుట మేలు. విప్పుట యన నేమో, కూర్చుట యన నేమో అచ్చట కన్నులకు కట్టినట్లు కాన్పించును.

తాపీనది యొడ్డున గల సూరత్ నగరమున తెలుగువారు పెక్కుమంది కలరు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలి కుటుంబములు అచ్చటి మరమగ్గముల పనికై వలసపోయి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. మార్కండేయుని కుమారుడగు భావనాఋషి తామరతూటి నారతో తొలి వస్త్రమును నేసెనని చెప్పుకొను వారు వీరు. ఆ ఇండ్ల పిల్లలందఱును మగ్గమునే పట్టరు. కొందఱు వజ్రముల సానకు పోవుదురు, కొందఱు బట్టల అంగళ్లకు పోవుదురు. వారిలో నొకడు కారు ఇంజను పని నేర్వబోయెననుకొందము.

అతని యెదుట పెట్టబడునది పాత మారుతి 800 బండి ఇంజను అనుకొందము. 1983 డిసెంబరులో వెలువడి 2014 వఱకు తయారైన ఆ చిన్న కారు మన దేశమున ఎందఱికో తొలి కారు. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల పరిమాణము. తొలి నమూనాలలో సిలిండరునకు రెండేసి చొప్పున ఆఱు వాల్వులు. నేర్చుకొనువానికి ఇంతకంటె అనుకూలమైనది అరుదు. చేతికి వచ్చు మొదటి పనిముట్టు పానా. గుజరాతీలో దీనిని పానుం అందురు. ఆ భాషలో ఆ మాటకే పుస్తకపు పుట యనియు నర్థము. ఎవరు కలిపిరో కాని, బాగుగనే కలిపిరి.

క్రొత్తవాని తొందరయంతయు విప్పుటయందే. బిగువుగా నున్న నట్టు ఒకటి కదలినచో ఎంతో సాధించినట్లుండును. మంచి మేస్త్రీ అతనికి పానా ఇచ్చుటకు ముందు ఒక అట్టముక్క ఇచ్చి, దానికి ఆఱు రంధ్రములు చేయుమనును. తీసిన వాల్వును తీసిన క్రమముననే ఆ రంధ్రములలో గ్రుచ్చవలెను. ఆఱింటిలో చేరికకు చెందినవన్నియు ఒక్కటే, నిర్గమమునకు చెందినవన్నియు ఒక్కటే కదా, ఏది యెచ్చట పెట్టిన నేమి యని పిల్లవాడు తలచును. కావు. వేల మైళ్లు నడచునప్పటికి ప్రతి వాల్వును తాను కూర్చుండు పీటతో ఒరసికొని, దానికే తగినట్లు అరిగియుండును. మఱియొక పీటపై పెట్టినచో సందు విడును, ఒత్తిడి నిలువదు. క్రాంకు దండమును పట్టియుంచు బేరింగు మూతలును అట్టివే. మూతను బిగించియుంచియే ఆ రంధ్రమును తొలచుదురు. కనుక ఒకదాని మూత మఱియొకదానికి సరిపడదు. అందుకే వానిపై అంకెలుండును. లేనిచో విప్పుటకు ముందే గుర్తు పెట్టుకొనవలెను. పిస్టను తలపై ఒక బాణము గుర్తుండును. అది ఇంజను ముందువైపునకు చూడవలెను.

సిలిండరు హెడ్డు బోల్టుల విషయము ఇంకను సూక్ష్మమైనది. విప్పునపుడు అంచులనుండి నడిమికి, కొంచెము కొంచెముగా వదులు చేయుచు రావలెను. బిగించునపుడు నడిమినుండి అంచులకు, అదియు ఒక్కసారిగా కాక రెండు మూడు తడవలుగా, బిగువును కొలుచు పానాతో బిగింపవలెను. ఒక మూల నుండి బలముకొలది తిప్పినవాడు హెడ్డును వంకర చేయును. పైకి చూచుటకు ఏమియు తెలియదు. నీరు నూనెలో కలసినపుడు తెలియును.

నేతింటి బిడ్డకు ఇదంతయు తెలియని విద్య కాదు. పాత పడుగు అయిపోయి క్రొత్త పడుగు ఎక్కించునపుడు తాత వేలకొలది పోగులను ఒకటొకటిగా వరుస తప్పక అతికించుట అతడు చూచియే యుండును. ఒక పోగు తప్పినచో బట్ట పొడవునను గీత కనబడును. కావున అట్టముక్కలో వాల్వు గ్రుచ్చునపుడు అతడు క్రొత్త చోట పాత చేతినే వాడుచున్నాడు.

ఇపుడు బల్లపై ఇంజను లేదు, ముక్కలు మాత్రమున్నవి. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, గుడ్డ పఱచి వానిని పేర్చినారు. వానిలో ఇంజను నడక ఏది? పిస్టనులో లేదు, దండములో లేదు, వాల్వులో లేదు. కొంతసేపటి క్రితము వఱకు ఉండినదేదో ఇందు ఏ ఒక్కదానియందును దొరకదు. పిల్లవానికి ఈ సందేహము కలిగినచో అతడు మంచి శిష్యుడు. బుద్ధిమంతులందఱును ఈ బల్ల యొద్దనే కొంతసేపు నిలుచుందురు. పైన చెప్పిన మన యువకుడును ఇచ్చటనే నిలిచినాడు. అయితే అతడు దీనినే గమ్యమనుకొన్నాడు.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని చూడుడు. భృగువు తండ్రియగు వరుణుని చేరి బ్రహ్మమును తెలుపుమని అడిగెను. తండ్రి గుర్తు చెప్పి, తపస్సుచే తెలిసికొమ్మనెను. భృగువు అన్నము బ్రహ్మమని తెలిసికొని, తృప్తి చెందక మరల వచ్చెను. పిదప ప్రాణము, పిదప మనస్సు, పిదప విజ్ఞానము. ప్రతిసారియు తండ్రి యొద్దకు వచ్చుట, ప్రతిసారియు తపస్సునకు మరలుట. చివరకు ఆనందమని తెలిసికొన్నాడు. ఒకదాని వెనుక ఒకటిగా, క్రమము తప్పక విప్పుట యన నిదియే. కాని పెక్కుమంది పాఠకులు ఇచ్చటనే పుస్తకము మూసివేయుదురు. ఉపనిషత్తు మాత్రము ముగియదు. ఆనందమును చెప్పిన వెంటనే అది దిగి మొట్టమొదట వదలిన అన్నమునొద్దకే వచ్చును. అన్నమును నిందింపరాదు, త్రోసివేయరాదు, సమృద్ధిగా పండింపవలెను, ఇంటికి వచ్చినవానిని కాదనరాదు – ఇవి వ్రతములుగా చెప్పబడినవి. మొదట తీసి ప్రక్కన పెట్టిన ముక్క మరల తన స్థానమున కూర్చబడినది. ఆనందమును ఎఱిగినవానికి అన్నముతో పనియేమి యని ఉపనిషత్తు అడుగలేదు. అతిథికి వండిపెట్టవలసినదనియే చెప్పినది.

అట్లని విప్పనేల యని అడుగువారు కలరు. నడచుచున్నదానిని కదపకుండుటయే మేలని వారి మతము. నడచుచున్నంతవఱకు వారి మాట కొంత నిజమే. నడువనపుడో? 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి వదలిన నీటితో తాపి పొంగి సూరత్ నగరములో అధికభాగము మునిగినది. అట్టి వరదలో చిక్కిన బండి యజమానికి నీరు తీసినవెంటనే తాళము త్రిప్పి చూడవలెనని తోచును. మెకానిక్కులు వలదందురు. గాలిని నొక్కినచో ఇముడును, నీరు ఇమడదు. సిలిండరులో నీరుండగా బలవంతముగా త్రిప్పినచో పిస్టనును క్రాంకునకు కలుపు కడ్డీ వంగిపోవును. వరద చేయని నష్టమును తాళపుచెవి చేయును. ముందు ప్లగ్గులు విప్పి నీటిని వెడలింపవలెను, బురద చొచ్చినచో ఇంజనునే విప్పి కడుగవలెను. మనుష్యునకును అట్టి దినములు వచ్చును. బిడ్డను పోగొట్టుకొన్నవానితో, పని పోయి పరదేశమున నిలిచినవానితో, "లెమ్ము, ధైర్యము తెచ్చుకొమ్ము, నడువుము" అను ఆప్తులు తాళము త్రిప్పువారే. వానిచేత కొంత ఏడువనిండు. లోపల ఏమి నిండియున్నదో చూచుకొననిండు.

కూర్చుటలో క్రొత్తవానికి ఆశ్చర్యము గొలుపునది సందు. దండము బేరింగులో గట్టిగా బిగిసియుండవలెనని అతడు తలచును. గట్టిగా బిగిసినచో పట్టుకొనిపోవును. ఎక్కువ వదులైనచో కొట్టుకొనును. ఆ రెంటి నడుమ తలవెంట్రుక మందముకంటె తక్కువయగు ఎడముండవలెను. ఇంజను నడచునపుడు ఆ యెడమున నూనె పొరగా నిలిచి దండమును తేల్చియుంచును. నడకలో లోహము లోహమును తాకదు. ఆగినపుడు మాత్రము ఆనుకొనును. సంసారమున అనాసక్తి యనగా దూరముగా పోవుట యని భయపడువారు ఈ దండమును చూడవలెను. అది ఎచ్చటికిని పోలేదు. భారమంతయు మోయుచున్నది.

ఆ యెడములో ఒక ఇసుకరేణువు మిగిలినను పని చెడును. అందుచే కూర్చునపుడు కడుగుటయే సగము పని. రబ్బరు ముద్రలు, హెడ్డు క్రింది గాస్కెట్టు పాతవి మరల వేయరాదు. ఒకసారి నలిగినది మరల అట్లే నలుగదు. కామ్ దండమును క్రాంకుతో కలుపు పంటిబెల్టు వేయునపుడు గుర్తులు గుర్తులకు సరిగా కలియవలెను. క్రాంకు రెండుమారులు తిరుగునపుడు కామ్ ఒకమారే తిరుగును. ఒక పన్ను తప్పినను వాల్వులు వేళగాని వేళ తెఱచుకొనును.

పని ముగిసినదనుకొన్నపుడు బల్లపై ఒక బోల్టు మిగులును. ఇది అన్ని కార్ఖానాలలోను నవ్వులాట. "కంపెనీవాడు ఒకటి ఎక్కువ పెట్టినాడు" అని హాస్యమాడుదురు. మంచి మేస్త్రీ నవ్వి ఊరకుండడు, మరల విప్పించును. మన యువకుని బల్లమీద మిగిలినది బోల్టు కాదు, తల్లి. తత్త్వమంతయు చక్కగా కూర్చుకొన్నాడు, తల్లికి మాత్రము అందులో చోటు దొరకలేదు. అట్టి కూర్పును మేస్త్రీ అంగీకరింపడు.

కూర్చిన ఇంజనును మొదట చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి చూతురు. ఎచ్చటనైనను తట్టినచో బలము చేయరాదు, ఆగి వెదకవలెను. పిదప ప్లగ్గులు లేకుండ, నూనె ఒత్తిడి దీపము ఆఱువఱకు మోటారుతో త్రిప్పుదురు. ఆ తరువాతనే ప్లగ్గులు బిగించి తాళము త్రిప్పుదురు. కొంత పొగ వచ్చును. కూర్చునపుడు పూసిన నూనె కాలుటవలన వచ్చునది కనుక భయము లేదు. పిల్లవాని ముఖమున అప్పుడు కన్పడు సంతోషమునకు ఏ కార్ఖానాలోను వెల కట్టరు.

మేస్త్రీ మాత్రము అప్పుడే ఏమియు అనడు. బండి కొన్ని వందల కిలోమీటర్లు నడచి తిరిగివచ్చినపిమ్మట, తెల్లని పళ్లెములోనికి నూనె దించి, రెండు వ్రేళ్లనడుమ రుద్ది, ఎండలోనికి తీసికొనిపోయి చూచును. లోహపు తళుకులు కన్పడినచో, అట్టముక్కను మరల తెమ్మనును.