సంపాతికి రెక్కలు ఎప్పుడొచ్చాయి?



పోయిన వారం వీడియోలో కిష్కింధకాండ చెబుతూ సంపాతి ఘట్టాన్ని రెండు నిమిషాల్లో తేల్చేశాను. "అంత ఫాస్ట్‌గా ఎందుకు చెప్పారు?" అని చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే టైమ్ లేక కాదు. ఆ కథ మా ఇంట్లోనే నడిచింది. కెమెరా ముందు చెప్పడానికి గొంతు సహకరించలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. 58 నిండగానే శాలువా కప్పి, చేతిలో గోడ గడియారం పెట్టి పంపించేశారు. నేను తెనాలిలో ఇల్లు అద్దెకిచ్చేసి అమ్మానాన్నల్ని హైదరాబాద్ తీసుకొచ్చాను. మియాపూర్‌లో 9వ అంతస్తు ఫ్లాట్. "ఇన్నేళ్లు కష్టపడ్డావు నాన్నా, ఇక హాయిగా కూర్చో" అన్నాను. పెద్ద టీవీ, ఓటీటీలు, రిక్లైనర్ అన్నీ పెట్టించాను. కొడుకుగా నా డ్యూటీ అయిపోయిందనుకున్నాను.

ఆరు నెలల్లో నాన్న మాట తగ్గిపోయింది. తెల్లారుజామున 5కే లేచే మనిషి 8 దాకా మంచం దిగేవారు కాదు. నేను ఇంటికి రాగానే "ఇవాళ ఆఫీసులో ఏం జరిగిందిరా?" అని అడిగేవారు. నేను ఫోన్ చూసుకుంటూ "ఏముంటుంది, రోజూ ఉండేదే" అనేవాణ్ణి.

ఒక శనివారం పాల ప్యాకెట్ కోసం కింద సూపర్‌మార్కెట్‌కి వెళ్తే, నాన్న అక్కడ మేనేజర్ ముందు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు. బిల్లింగ్ కౌంటర్‌లో పని అడుగుతున్నారు. ఆ మేనేజర్‌ది నా వయసే ఉంటుంది. "అంకుల్, మాకు 35 లోపువాళ్లే కావాలి" అన్నాడు.

లిఫ్ట్‌లో నేను అన్న మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది. "నేను నీకు తిండి పెట్టట్లేదా నాన్నా? తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

9వ అంతస్తు వచ్చేదాకా ఆయన మాట్లాడలేదు. తలుపు తీస్తూ అన్నారు: "తిండికి లోటు లేదురా. ఆకలే వెయ్యట్లేదు."

ఇప్పుడు సంపాతి దగ్గరికి వద్దాం.

సంపాతి జటాయువుకి అన్న. కుర్రతనంలో ఇద్దరూ సూర్యుడి దాకా ఎగరాలని పందెం వేసుకున్నారు. వేడికి తమ్ముడు తాళలేకపోతుంటే అన్న తన రెక్కలు అడ్డంపెట్టాడు. తమ్ముడు బతికాడు, అన్న రెక్కలు కాలిపోయాయి. వింధ్య పర్వతం మీద పడ్డాడు. అప్పటినుంచి కొడుకు సుపార్శ్వుడే రోజూ ఆహారం తెచ్చి పెట్టేవాడు.

సుపార్శ్వుడు మంచి కొడుకు. ఆయన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. నేనూ అలాంటి కొడుకునే అనుకున్నాను. కానీ ఆ పక్షికి ఇంకా ఏం మిగిలి ఉందో చూసినవాడు నిశాకర మహర్షి. ఆయన ఏమన్నారంటే, నీకు ఇప్పుడే రెక్కలు ఇవ్వగలను, కానీ నువ్వు ఇక్కడే ఉండి చెయ్యాల్సిన లోకహితం ఒకటుంది, రాముడి దూతలు వస్తారు, వాళ్లకి సీత జాడ చెప్పు అని. ఆ ఒక్క మాట పట్టుకుని, ప్రాణం వదిలేద్దామనుకున్న సంపాతి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు.

వానరులు వచ్చారు. సీతమ్మ జాడ దొరక్క ప్రాయోపవేశానికి సిద్ధపడి సముద్రపు ఒడ్డున కూర్చున్నారు. సంపాతిని వాళ్లు ఎగరమనలేదు. ఆయనకి మిగిలింది చూపు, జ్ఞాపకం. గద్దజాతికి ఉండే దూరదృష్టితో నూరు యోజనాల అవతల లంకలో సీత ఉందని చెప్పాడు. వానరసేనకి అప్పటిదాకా దొరకని ఒకే ఒక్క సమాచారం అది! ఆ మాటలు చెబుతుండగానే ఆయనకి కొత్త రెక్కలు మొలిచాయి.

ఫ్రెండ్స్, ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. రెక్కలు ముందొచ్చి తర్వాత పనికొచ్చాడా? కాదు. పనికొచ్చాక రెక్కలొచ్చాయి. మనమేమో ఇంట్లో పెద్దవాళ్లకి "ముందు ఓపిక రానీ, తర్వాత చూద్దాం" అంటాం. ఆ ఓపిక పనిలోంచే వస్తుందేమో అని ఆలోచించం.

యుద్ధకాండలో జాంబవంతుణ్ణి చూడండి. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రానికి సేనంతా కూలిపోయింది. ముసలి జాంబవంతుడు ఒళ్లంతా బాణాలతో కళ్లు కూడా తెరవలేని స్థితిలో ఉన్నాడు. అయినా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, హనుమ బతికున్నాడా అని. ఉన్నాడని తెలియగానే ఏ పర్వతానికి వెళ్లాలి, ఏ నాలుగు ఓషధులు తేవాలి అని పడుకునే చెప్పాడు. ఎగిరింది హనుమ. దారి చెప్పింది ముసలాయన. సేన లేచి నిలబడటానికి ఇద్దరూ కావాల్సి వచ్చింది.

ఈశావాస్య ఉపనిషత్తు రెండో మంత్రం భావం కూడా ఇదే: కర్మలు చేస్తూనే నూరేళ్లు బతకాలని కోరుకో. రిటైర్మెంట్ వయసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగికి 2022 నుంచి 62, తెలంగాణలో 2021 నుంచి 61. మా నాన్న కంపెనీలో 58. కాగితం మీద నంబర్ మారుతూ ఉంటుంది. ఉపనిషత్తు మాత్రం ఆ నంబర్ వెయ్యలేదు.

ఇవన్నీ పురాణాల్లోనే అనుకోకండి. ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పి 1989లో రిటైరయ్యారు. 90 దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి, చేతికర్రల సాయంతో నడుస్తూ క్లాసులు చెప్పారు.

సరే, మా ఇంట్లో ఏమైంది? మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "నాన్నా, కంపెనీలో నువ్వు అసలేం చేసేవాడివి?" అని అడిగాను. నాకు 28 ఏళ్లు. ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆయన రెండు గంటలు చెప్పారు. స్టాక్ లెక్క తేడా వస్తే ఎక్కడ పట్టుకోవాలో, బ్యాంక్ పాస్‌బుక్‌తో పద్దులు ఎలా సరిచూడాలో! ఇద్దరం కూర్చుని ఒక పేజీ రెజ్యూమే తయారుచేశాం. రెండు చోట్ల వయసు చూసి వద్దన్నారు. మూడోది ఒక మందుల హోల్‌సేల్ షాపు. వాళ్ల జీఎస్టీ బిల్లులు మూడు నెలలుగా గందరగోళంగా ఉన్నాయి. వారానికి మూడు రోజులు, 10 నుంచి 1 దాకా రమ్మన్నారు.

జీతం పెద్దగా ఏం కాదు. మొదటి నెల డబ్బుతో నాకు చొక్కా కొన్నారు. కొంచెం బిగుతు. మార్చుకోలేదు. మోకాళ్ల నొప్పితో నీరసంగా వచ్చే రోజులూ ఉన్నాయి. కానీ ఇప్పుడు సాయంత్రం ఆఫీసు కబుర్లు చెప్పేది ఆయన, వినేది నేను. అన్నం రెండోసారి అడిగి వేయించుకుంటున్నారు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పెద్దవాళ్లుంటే నాలుగు మాటలు.

ఒకటి, "ఏ ఉద్యోగం కావాలి?" అని కాకుండా "నీకు ఏం బాగా వచ్చు?" అని అడగండి. పది గంటలు నిలబడే పనికి సంపాతిని పంపకండి.

రెండు, 60 దాటినవాళ్ల ఉద్యోగాల కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2021లో సేక్రెడ్ అనే పోర్టల్ తెచ్చింది. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనే వాట్సాప్ ఉద్యోగాలు మాత్రం మోసాలే. ఫోన్ మీరు చూసి పెట్టండి.

మూడు, జీతం అక్కర్లేనివాళ్లకి సేవ కూడా పనే. గుడిలో ప్రసాదం పంచడం, పక్కింటి పిల్లలకి లెక్కలు చెప్పడం, ఏదైనా సరే. విశ్రాంతే కావాలంటే అదీ వాళ్ల హక్కు. ఇంటి ఖర్చుల కోసం ముసలితనంలో పనికి తోయడం మాత్రం ధర్మం కాదు.

నాలుగోది నాకు ఆలస్యంగా తట్టింది. నాన్నకి రిటైర్మెంట్ శాలువా అయినా కప్పారు. అమ్మకి వంటింట్లోంచి రిటైర్మెంట్ ఎవరిచ్చారు? అందుకే ఆదివారం వంట ఇప్పుడు నాది. అమ్మ ఆ టైమ్‌లో కింద పార్క్‌లో నలుగురికి లలితా సహస్రనామం నేర్పిస్తోంది.

సుపార్శ్వుడిలా ఆహారం పెడదాం. దాంతో పాటు వానరుల్లా ఎదురుగా కూర్చుని విందాం. ఇవాళ రాత్రి ఫోన్ పక్కనపెట్టి మీ నాన్ననో తాతయ్యనో ఒక్క ప్రశ్న అడగండి. వాళ్లు ఏం చెప్పారో కింద రాయండి, తప్పకుండా చదువుతాను.

జై శ్రీరామ్!