పాపం అంటదు, బాకీ మాత్రం ఉంటుంది

కృష్ణాష్టమి వచ్చిందంటే పసివాళ్ళ తలకు నెమలిపింఛం చుట్టి, చేతికి పిల్లనగ్రోవి ఇచ్చి మురిసిపోతాం. వీధిలో ఉట్టి కొట్టిస్తాం. చూడ ముచ్చటైన పండుగ. కానీ ఈ మధ్య కన్నయ్య పేరును మరో పనికి కూడా వాడుకుంటున్నాం. మనవాడు కొట్టిన బంతికి ఎదురింటి కారు అద్దం పగిలినా, వాడి సైకిలు రాసుకుని పక్కింటి కొత్త బండికి గీతలు పడినా, ‘చిన్నపిల్లాడండీ, కృష్ణుడు మాత్రం తక్కువ అల్లరి చేశాడా’ అని ఊరుకుంటున్నాం.

భాగవతం చదివిన నోటితో అనవలసిన మాట కాదిది. గోపికలు యశోద గుమ్మానికి కుండల ఖరీదు వసూలు చేసుకోవడానికి రాలేదు, ఫిర్యాదు నెపంతో ఆ పిల్లవాణ్ణి చూసుకోవడానికి వచ్చారు. పక్కింటివాళ్ళకు మన బిడ్డ మీద అంత ప్రేమ ఉండి తీరాలనే హక్కు మనకెక్కడిది? పైగా ఆ యశోదే తన ఇంట్లో పెరుగుకుండ పగిలిన రోజున కొడుకును రోటికి కట్టింది.

తెలియక చేసిన పనికి పిల్లవాడికి పాపం అంటదన్నది నిజమే. పసితనంలో పురుగులను గడ్డిపుల్లతో గుచ్చినందుకు తనకు కొరత శిక్ష పడిందని తెలిసి, మాండవ్యుడు యమధర్మరాజునే శపించాడు. 14 ఏళ్ళ వరకు చేసింది పాతకం కాదని కట్టడి చేశాడు. ఆ శాపంతో పుట్టినవాడే విదురుడు. నేటి భారతీయ న్యాయ సంహిత కూడా 7 ఏళ్ళ లోపు పిల్లలు చేసిన దాన్ని నేరంగా చూడదు. సరే, నేరం లేదు, పాపం లేదు. పగిలిన అద్దం మాత్రం అలాగే ఉంది. ఏ తప్పూ చేయని ఎదురింటాయన దాని ఖర్చు ఎందుకు భరించాలి?

శర్యాతి మహారాజు కూతురు సుకన్య అడవిలో ఆడుకుంటూ ఒక పుట్టలో రెండు వెలుగులు చూసింది. అవేమిటో తెలియక ముల్లుతో పొడిచింది. అవి తపస్సులో ఉన్న చ్యవనుడి కళ్ళు. రాజు వెంట వచ్చిన సైన్యమంతా మలమూత్రాలు బంధించి అల్లాడిపోయింది. ఎవరేం చేశారని రాజు అందరినీ అడిగితే, సుకన్య భయపడుతూనే నిజం చెప్పింది. అప్పుడు శర్యాతి ‘చిన్నపిల్ల, తెలియక చేసింది’ అని డేరాలో కూర్చోలేదు. తానే పుట్ట దగ్గరికి నడిచివెళ్ళి మునిని వేడుకున్నాడు. ఆ తరువాత కూతురినే మునికి ఇచ్చి పెళ్ళి చేశాడు. బిడ్డను పరిహారంగా కట్టడం నా మనసుకు ఎక్కదు, కథ నుంచి అది నేర్చుకోనక్కరలేదు. కూతురు తండ్రికి నిజం చెప్పడం, తండ్రి తానే బయలుదేరి వెళ్ళడం మాత్రం ప్రతి ఇంట్లోనూ చెప్పుకోదగినవి.

ఇప్పుడు మంచివాళ్ళు అనుకునేవాళ్ళు సైతం ‘ఎంతయిందో చెప్పండి, ఫోన్‌పే చేస్తాను’ అని మెసేజ్ పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. ఆ డబ్బు వెళ్ళిన సంగతి పిల్లవాడికి తెలియనే తెలియదు. అద్దం పగిలిన కారాయన రెండు రోజులు ఆటోలో ఆఫీసుకు వెళ్ళాడనీ తెలియదు. మరుసటి ఆదివారం వాడు అదే చోట వికెట్లు పాతుతాడు. ఇంతగా పాకిపోయిన ఈ అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. నష్టపోయినవాళ్ళూ తక్కువ తినలేదు. సీసీ కెమెరా వీడియోను అపార్టుమెంటు గ్రూపులో పెట్టి, ఏడేళ్ళ పిల్లవాణ్ణి దొంగలా అందరికీ చూపిస్తున్నారు. అది కూడా అధర్మమే.

శృంగి చిన్నతనపు ఆవేశంలో పరీక్షిత్తును శపించాడు. శాపం వెనక్కి రాదని తండ్రి శమీకుడికి తెలుసు. అయినా కొడుకును మందలించి, శిష్యుణ్ణి పంపి రాజుకు సంగతి తెలియజేశాడు. తీర్చలేని నష్టానికే తండ్రి అంత చేస్తే, మరమ్మతుతో పోయేదానికి మనం ఎంత చేయాలి? బండి విషయంలో చట్టమే ముందుకొచ్చింది. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే, తల్లిదండ్రులకో బండి యజమానికో 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బంతి విషయానికి కూడా చట్టం వచ్చేదాకా ఆగుదామా?

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఈసారి ఏదైనా పగిలితే పిల్లవాణ్ణి కొట్టకండి, దాచకండి. చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్ళండి. క్షమించమని వాడి నోటితోనే అడిగించండి, డబ్బు మీ చేతులతో ఇవ్వండి. వాళ్ళు మొహమాటానికి వద్దన్నా ఇచ్చి రండి. నష్టపోయినవారు మరమ్మతుకు అయినంతే తీసుకోండి. పాత గీతలన్నిటినీ ఆ పసివాడి లెక్కలో వేయకండి.