కాయకమున చికిత్సకుని తృప్తి

వృత్తి వలన జీవనము గడచును. కాని వృత్తిలోని తృప్తి ఎక్కడినుండి కలుగును? రోగి చేతిని తన చేతిలోనికి తీసికొని, నెలల తరబడి అదే వ్యాయామమును చేయించు ఫిజియోథెరపిస్టునకు ఈ ప్రశ్న తప్పదు. శస్త్రవైద్యుని వలె ఒక్కపూటలో అద్భుతము చూపగలవాడు కాడతడు. నిన్న కదలని వ్రేలు నేడు వెంట్రుకవాసి కదలినచో అదియే అతనికి ఫలము.

గోదావరి సీమలోని రామచంద్రపురమున, 20వ శతాబ్ది తొలినాళ్లలో, కెనడియన్ బాప్టిస్టు మిషనుకు చెందిన మిస్ హ్యాచ్ కుష్ఠువ్యాధిగ్రస్తులకు ఒక ఆశ్రయమును నడపినది. ఆనాడు ఆ వ్యాధికి నమ్మదగిన మందు లేదు. ఊరు వెలివేసిన వారికి కూడు, గుడ్డ, నీడ, పుండ్లకు కట్టు — సాధ్యమైనది ఇంతే. 1940వ దశకమున డాప్సోను వాడుకలోనికి వచ్చినది. అయితే మందు క్రిమిని చంపును గాని, వంకరపోయిన వ్రేళ్లను చక్కచేయదు. ఆ కొఱతను తీర్చుటకు పూనుకొన్నవాడు, 1946లో వెల్లూరు చేరిన డాక్టరు పాల్ బ్రాండ్. బలముగల కండరపు స్నాయువును మళ్లించి చచ్చుబడిన వ్రేళ్లకు కలుపు శస్త్రచికిత్సను ఆయన అభివృద్ధి చేసెను.

కట్టు విప్పిన పిదప భారము ఫిజియోథెరపిస్టుది. ఒక పనికి అలవడిన కండరమునకు మరియొక పని నేర్పవలెను. అంతకంటె కష్టమైనది, స్పర్శ లేని అవయవమును కాపాడుకొనుట రోగికి నేర్పుట. వేడిగిన్నె కాల్చినను, గాజుపెంకు గ్రుచ్చుకొన్నను అతనికి తెలియదు. కావున చేతులను, పాదములను ప్రతిదినము పరిశీలించుట, నీట నానబెట్టి తడి ఆరకముందే నూనె రాయుట అలవాటు కావలెను. నొప్పి చేయవలసిన కాపలాను కన్నులే చేయవలెను.

ఇచ్చటనే ధర్మసూక్ష్మమొకటి ఎదురగును. “మీరే నాకు దేవుడు” అని రోగి చేతులు జోడించును. ఆ మాట తీయనిది. ఆ తీపికి అలవడిన చికిత్సకుడు, రోగి స్వయముగా చేయగల పనిని సైతము తానే చేయసాగును. అప్పుడు ఎవరు ఎవరికి ఆధారము?

12వ శతాబ్దమున ఆయ్దక్కి మారయ్య శరణుడు రాలిన బియ్యపుగింజలు ఏరుటయే కాయకముగా జీవించెను. ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ వాటిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. చికిత్సకునకు కూలి న్యాయము. పని చక్కగా నెరవేరినదను సంతోషమును అతనిదే. అది లేనిచో సేవ ఎండిపోవును. కాని రోగి కృతజ్ఞతను కూడబెట్టుకొనుట అధికపు గింజలను మూటకట్టుట వంటిది. “ఇది నీ సాధన” అని దానిని రోగికే తిరిగి ఒప్పగింపవలెను.

నేడు బహుళౌషధ చికిత్సతో కుష్ఠు నయమగుచున్నది. 2005 చివరికి జాతీయస్థాయిలో అది ప్రజారోగ్య సమస్యగా తొలగినదని మన ప్రభుత్వము ప్రకటించినది. అయినను కొత్త రోగులు కలరు. ఆలస్యముగా వచ్చినవారికి వైకల్యమును కలదు. వారికి ఈ చేతి ఆసరా ఇంకను అవసరమే.

ఇది వైద్యులకు మాత్రమే చెందిన విచారము కాదు. పక్షవాతము సోకిన పెద్దలు మన ఇండ్లలోను కలరు. ముద్ద మనమే నోట పెట్టుట సులభము; వారి చేతితోనే వారు తినువరకు ప్రక్కన కూర్చుండుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పే కాయకము. వారు మన చేయి విడిచిననాడు కలుగు ఆనందమే దాని కైలాసము.