తాళపుచెవియు కాయకమే

బసవేశ్వరుడు బోధించిన కాయకమునకు వేరొక కావలివాడు అక్కరలేదు. చేయువాని మనస్సే కావలి. నేటి కర్మాగారములలో మోటారులను, వాల్వులను నడుపునది పి.ఎల్.సి. యను నియంత్రణ సాధనము. రిలే తీగల చిక్కును తొలగింపగోరి 1968లో అమెరికా కార్ల పరిశ్రమ కోరగా ఇది రూపొందినది.

దీనికి ఆదేశములు వ్రాయువారిలో, ఏ సంస్థకును చెందక పిలిచినచోటికేగి పనిచేయు నిపుణులు గలరు. వారి పనిని యజమాని పరీక్షింపజాలడు. పరీక్షకై రక్షణవలయమునకు అడ్డముగా పెట్టిన తీగముక్కను తీయకున్నను, మరల తననే పిలువవలెనని పాస్‌వర్డును దాచుకొన్నను యంత్రము తిరుగును, కూలియు ముట్టును. కాని ఆపద్వేళ ఆగవలసిన యంత్రము ఆగదు. చేయి పోవునది కార్మికునిది.

2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోరసాయన కర్మాగారమున రక్షణ నియంత్రకపు తాళపుచెవిని ‘ప్రోగ్రాం’ స్థానముననే వదలియుండగా, దుండగులు దూరమునుండి అందు చొరబడిరి. కర్మాగారము తనంతట ఆగిపోవుటచే ముప్పు తప్పినది. ఆ చెవిని త్రిప్పుటయు కాయకమే గదా!

తీగముక్కను తీసి, చెవిని త్రిప్పి, ప్రోగ్రాం ప్రతిని, పాస్‌వర్డును అప్పగించుట కాయకము. తెలిసినదానిని అక్కడివారికి నేర్పుట దాసోహము. అట్టివానికి మరల పిలుపు రాకపోవచ్చును. అక్కడి కార్మికుడు మాత్రము సాయంకాలము రెండు చేతులతో ఇల్లు చేరును.